ఆరు సున్నాలు

లేజర్ చెక్కుడు మిషన్‌కి ఇచ్చే జీ-కోడ్ ఫైళ్లలో చాలావరకు పనిచేస్తాయి, అంతే. చదవాలనిపించేవి అరుదు.

మైదుకూరు నాలుగు రోడ్ల ఊరు: ప్రొద్దుటూరు, బద్వేలు, నంద్యాల, కడప. ఇలాంటి ఊళ్లో చెక్కబిళ్లల మీద బొమ్మ ఒకటే, పేర్లే మారతాయి. బడి బహుమతులైనా అంతే, గృహప్రవేశం కానుకలైనా అంతే. సాఫ్ట్‌వేర్‌ని అడిగితే ప్రతి పేరుకీ బొమ్మతో సహా వేల వరుసలు మళ్లీ కక్కుతుంది. రసజ్ఞుడు ఆ ఫైల్ని విప్పి, మారనిదాన్నీ మారేదాన్నీ వేరు చేస్తాడు. నాకు అందం కనబడేది ఆ కోతలోనే.

తలభాగం పొట్టిది. జీ21 కొలత మిల్లీమీటర్లని చెబుతుంది, జీ90 దూరాలన్నీ సున్నా నుంచే లెక్కించమంటుంది. తర్వాతి వరుస జీ54. నేను ఆగిపోయేది ఇక్కడే. నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ 2009లో మొదలుపెట్టిన, ఇలాంటి మిషన్లను లోపలి నుంచి నడిపే ప్రోగ్రాం జీఆర్‌బీఎల్‌లో జీ54 నుంచి జీ59 దాకా ఆరు సున్నాలు దాచుకోవచ్చు. బల్ల మీద ఆరు గూళ్లు, గూటికో సున్నా. బొమ్మ గీసే వరుసల్లో ఒక్క అంకె కూడా కదలదు. పైన 54 పోయి 55 వస్తుంది, అదే బొమ్మ పక్క గూట్లో పడుతుంది. కరెంటు పోయినా ఆ ఆరూ చెరిగిపోవు. తిరిగి రాగానే మిషన్‌ని ఒకసారి దాని మూలకు పంపి ఆనవాలు పట్టించుకుంటే చాలు. ఈ సున్నాలను రాసిపెట్టే జీ10 వరుసను కొందరు ఫైల్లోనే ఇరికిస్తారు, నడిపిన ప్రతిసారీ మళ్లీ రాయిస్తారు. అరసికులు.

ఇక తెలుగు పేరు. మన అక్షరంలో తిన్నని గీత తక్కువ. సున్నాలు, కొమ్ములు, కిందికి దిగి మెలిక తిరిగే వత్తులు. మెలిక దగ్గర మిషన్ నెమ్మదిస్తుంది. లేజర్ వెలిగించడానికి ఎం3 పెడితే వెలుగు మాత్రం తగ్గదు కాబట్టి మలుపు మాడుతుంది, వత్తు బొగ్గవుతుంది. ఎం4 పెడితే వేగంతో పాటే వెలుగూ తగ్గుతుంది. మెలిక, గీత ఒకే రంగులో వస్తాయి. ప్రొద్దుటూరు దాటాక కలమళ్లలో, సుమారు క్రీ.శ. 575 నాటిదంటున్న ధనంజయుడనే రాజు శాసనం చెక్కినవాడికి ఈ ఆజ్ఞ అక్కర్లేదు. ఉలి పట్టిన చెయ్యి మలుపు రాగానే తనంతట తనే తగ్గుతుంది. మిషన్‌కి ఆ చెయ్యి ఎం4.

పేర్ల పొడవులు వేరు కదా, ‘రమ’ ఎక్కడ, ‘వెంకటసుబ్బారెడ్డి’ ఎక్కడ! అందుకే తెలిసినవాడు సున్నాను బిళ్ల మూలలో కాక నడిమధ్య పెడతాడు. పేరు వెడల్పులో సగం ఎడమకు జరిగి మొదలైతే ఏ పేరైనా నడుమ కుదురుతుంది. జీఆర్‌బీఎల్‌కి చలరాశులు తెలియవు గనక ఆ సగాన్ని బయట చిన్న ప్రోగ్రాం లెక్కగట్టి ఇవ్వాలి.

తోకలో ఎం5తో వెలుగు ఆరుతుంది, తర్వాత తల మూలకు తప్పుకుంటుంది, బిళ్లలు తీసే చేతికి చోటివ్వడానికి. ఈ వరుసల క్రమం తారుమారైన ఫైళ్లూ ఉన్నాయి. వాటిలో వెలుగు లేకుండా జరిపే జీ0కి బదులు కాలుస్తూ జరిపే జీ1 కూడా పడితే ఆఖరి బిళ్ల నుంచి మూల దాకా ఒక గీత కాలుతుంది.