పీకకు అందినంత దమ్ము

రెండు గంటలు నాదస్వరం వాయించాక ముందు చేతులెత్తేసేవి పెదవుల చివర్లు. రెల్లు పీకను పట్టి ఉంచే ఆ చిన్న కండరాలు సడలగానే నోటి మూల నుంచి గాలి బుస్సుమంటుంది, తారస్థాయి షడ్జమం రవ్వంత కిందికి జారుతుంది. రొమ్ము నిండా ఊపిరి ఉన్నా అప్పుడిక అది అక్కరకు రాదు.

నేను నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు కృతుల ఊసే ఎత్తనిచ్చేవారు కాదు. తెల్లవారుజామున లేచి ఒక్క స్వరం పట్టుకుని కూర్చోవాలి. గట్టిగా ఊదడం ఎవరికైనా త్వరగానే వస్తుంది. లోపల నింపుకున్న గాలిని పొట్ట దగ్గర బిగబట్టి, పీకకు ఎంత కావాలో అంతే అందించడానికి ఏళ్లు పడుతుంది. సన్నగా, మెత్తగా, వణుకు లేకుండా ఒక నిషాదం నిలబెట్టి చూడండి, నడుము దాకా చెమట పడుతుంది.

ఈ వాద్యానికి వేళ్లు మూసే రంధ్రాలు ఏడే. హార్మోనియంకు ఉన్నట్టు మెట్లు లేవు. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న గమకమంతా సగం మూసిన వేలితో, పెదవి ఒత్తిడితో, గాలి హెచ్చుతగ్గులతో రాబట్టాల్సిందే. తోడిలో గాంధారం ఊగుతుంటే పెదవి, పొట్ట, వేలు మూడూ ఒకేసారి కదలాలి. పాతకాలపు తిమిరి నాదస్వరం పొట్టిది, శ్రుతి ఎక్కువ. టి.ఎన్. రాజరత్నం పిళ్లైగారు పొడవైన బారి నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చాక నాదంలో గాంభీర్యం పెరిగింది, వేళ్లు మరింత చాచాల్సి వచ్చింది. చిన్న చేతులున్న పిల్లలు ఆ దూరాలు అందుకోడానికి పడే పాట్లు నేను రోజూ చూస్తున్నాను.

పక్కన శ్రుతి పట్టే మనిషిని ఎవరూ తలుచుకోరు. పాడే నాదస్వరానికి సంగతికీ సంగతికీ మధ్య ఊపిరి తీసుకునే వీలుంటుంది, శ్రుతికి ఆ వీలు కూడా లేదు. బుగ్గల్లో దాచుకున్న గాలిని పీకలోకి నెడుతూ, అదే క్షణంలో ముక్కుతో కొత్త ఊపిరి లాగాలి. కచేరీ అయ్యేదాకా ఆ ఒక్క స్వరం తెగకూడదు. ఇప్పుడా పని శ్రుతిపెట్టె చేస్తోంది. సౌకర్యమే, కాదనను. కానీ ఆ విద్య పట్టిన చివరి మనుషులు వెళ్లిపోతుంటే నాకు బాధగానే ఉంది.

బలమంతా మృదుత్వానికే ఖర్చవుతుందని నాకు నమ్మకం కలిగించినవి షేక్ చినమౌలానాగారి నాదస్వర రికార్డింగులు. 1924లో ఇప్పటి ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, ఆపైన నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర తంజావూరు బాణీ పట్టి, శ్రీరంగంలో స్థిరపడ్డారాయన. 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన పై స్థాయికి వెళ్లినప్పుడు కూడా అరుపు వినబడదు. అక్కడ అరవకుండా ఉండటానికి శరీరం ఎంత కష్టపడుతుందో వాయించేవాళ్లకు తెలుస్తుంది.

పెళ్లిళ్లలో జనం అనుకునే కష్టం గట్టిమేళం. అది నిజానికి తేలిక, మాంగల్యధారణతో అయిపోతుంది. అసలు కష్టం ఎదురుకోలులో నడుస్తూ వాయించడం. అడుగు పడ్డప్పుడల్లా పీక పెదవుల మధ్య అదురుతుంది, రోడ్డు దుమ్ము గొంతులోకి పోతుంది. ఎదురుగా వీడియో తీసే అబ్బాయి వెనక్కి నడుస్తూ మా మీదే లైటు వేస్తాడు.

అందుకే పెళ్లివారికి కొన్ని మాటలు చెప్పుకుంటాను. ముహూర్తానికి ముందు మాకు భోజనం వడ్డించకండి, నిండు కడుపుతో దమ్ము దిగదు. ముహూర్తం కాగానే మాత్రం మొదటి పంక్తిలో కూర్చోబెట్టండి, మీరు అడిగే సినిమా పాటలు కాసేపు ఆగుతాయి. వాద్యానికి దారంతో వేలాడే ఆ అదనపు పీకలను పిల్లలు ముట్టుకోకుండా చూడండి, ఒక్కొక్కటి పదునుకు రావడానికి చాలా రోజులు పడుతుంది. ఏసీ గాలి సూటిగా మా మీదికి వచ్చే చోట వేదిక వెయ్యకండి. తడారిన పీక పలకదు, దాన్ని పలికించబోతే పెదవి చిట్లుతుంది. గోరువెచ్చని నీళ్లు ఒక చెంబుడు పక్కన పెట్టించండి.