స్కెచ్ పెన్నులూ ఒక స్టాప్‌వాచ్

డిగ్రీ ప్రవేశాల ‘దోస్త్‌’లో సీటు ఖాయమైన పిల్లలు ఏటా ఫోన్ చేస్తారు. ‘బీఏలో సైకాలజీ తీసుకున్నాను మేడమ్, క్లాసులు మొదలయ్యేలోపు ఏం చదవమంటారు?’ పక్కనుంచి అమ్మదో నాన్నదో గొంతు వినిపిస్తుంది: ‘దీనికి ఉద్యోగాలుంటాయో లేదో కూడా అడుగు.’

ఆ రెండోదానికి జవాబు తొందరగా చెప్పేస్తాను. డిగ్రీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు కట్టుకోవడానికి లేదు. ఆ పైన చదువు, ఆసుపత్రిలో శిక్షణ, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ కావాలి. ఆ కోర్సుల నిబంధనలు ఈమధ్య మారుతున్నాయి కనుక కౌన్సిల్ ప్రకటనలు చూసుకోండి, చుట్టాల మాట కాదు. హెచ్ఆర్, స్కూళ్లు, స్వచ్ఛంద సంస్థలు, సివిల్స్‌లో ఆప్షనల్ అంటారా, ఆ దారులు ఎటూ ఉన్నాయి.

మొదటి ప్రశ్నే అంత తేలిక కాదు. మన ఇళ్లలోకి సైకాలజీ చాలావరకు వ్యక్తిత్వ వికాస పుస్తకాల వెంట వచ్చింది. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ చదివి ఇటు తిరిగినవాళ్లు నా క్లాసుల్లో కొందరున్నారు. ఇప్పుడా చోటు రీల్స్ ఆక్రమించాయి. చేతులు కట్టుకుంటే అహంకారమట, చూపు పక్కకు తిప్పితే అబద్ధమట! ఇవన్నీ వంటబట్టించుకుని వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్‌లో నాడీకణాలు, ఇంద్రియాలు, స్టాటిస్టిక్స్ ఎదురయ్యేసరికి ముఖం వాడిపోతుంది.

అందుకని నేను పుస్తకం పేరు చెప్పను. స్కెచ్ పెన్నుల ప్యాకెట్ ఒకటి కొనమంటాను. ఒక తెల్లకాగితం మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో చిన్న గళ్లు వరసగా నింపండి. ఇంకో కాగితం మీద అన్నే మాటలు రాయండి. అయితే ‘ఎరుపు’ అన్న మాటను ఆకుపచ్చ పెన్నుతోనూ, ‘నీలం’ అన్న మాటను ఎర్ర పెన్నుతోనూ రాయాలి. ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, మాట చదవకుండా దాని రంగు మాత్రం చెప్పమనండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. గళ్ల కాగితం గబగబా సాగిపోతుంది. మాటల కాగితం దగ్గర నాలుక తడబడుతుంది, నవ్వొస్తుంది, కొందరికి కోపమూ వస్తుంది. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన ప్రయోగం ఇది. వంద రంగు గళ్లకు సగటున 63 సెకన్లు తీసుకున్న కాలేజీ విద్యార్థులు, రంగు మార్చి అచ్చువేసిన వంద మాటలకు 110 సెకన్లు తీసుకున్నారు. స్ట్రూప్ మహాశయుడు ఆ తర్వాత ఎక్కువగా బైబిల్ పాఠాలే చెప్పుకున్నాడు. ఆయన పేరు మాత్రం మన ప్రాక్టికల్ రికార్డుల్లో ఉండిపోయింది.

ఇప్పుడదే పని ఇంగ్లిషు మాటలతో చేసి చూడండి. తెలుగు మీడియం నాన్నకు తెలుగులో తడబాటు ఎక్కువైంది, ఇంగ్లిషు మీడియం చెల్లికి ఇంగ్లిషులో ఎక్కువైంది అనుకుందాం. బాగా అలవాటైన లిపి వద్దన్నా చదివించుకుంటుందని వెంటనే తేల్చేయాలనిపిస్తుంది. ఆగండి. నాన్నకు ముందు ఏ కాగితం ఇచ్చారు? రెండోసారికి ఎవరికైనా కాస్త చేయి తిరుగుతుంది. కాబట్టి సగంమందికి ముందు తెలుగు, మిగతావాళ్లకు ముందు ఇంగ్లిషు ఇవ్వాలి. ‘గ్రీన్’ అనడానికంటే ‘ఆకుపచ్చ’ అనడానికే ఎక్కువసేపు పడుతుంది కదా, ఆ తేడా ఎలా తీసేస్తారు? గళ్ల కాగితం కూడా రెండు భాషల్లోనూ చెప్పించి, ఏ భాషకు ఆ భాషలో గళ్లకంటే మాటలకు ఎంత ఎక్కువ పట్టిందో లెక్కగట్టాలి. నాన్న కళ్లజోడు పెట్టుకున్నారా? అత్తయ్య టీవీ చూస్తూ చెప్పిందా? పక్కింట్లో రంగుల పేర్లు తెలిసి, అక్షరాలింకా రాని పిల్లాడుంటే వాణ్ని తప్పకుండా పిలవండి. ఈ ప్రయోగంలో అందరికంటే విలువైన మనిషి వాడే. వాడు తడబడకుండా చెప్పేశాడంటే, మిగతావాళ్లను ఆపింది చదువే అన్న మాటకు కొంత బలం వస్తుంది.

ఆ సెకన్లన్నీ నోటుబుక్కులో రాసుకోండి. ఇంటర్‌లో హెచ్ఈసీ, సీఈసీ తీసుకుని లెక్కల పీడ విరగడైందనుకున్నవాళ్లు మొదట భయపడేది స్టాటిస్టిక్స్‌కే. ముగ్గురికి 50, 55, 55 సెకన్లు పట్టి, నానమ్మకు 140 పట్టిందనుకోండి. సగటు 75. కానీ ఆ ఇంట్లో 75కి దగ్గర్లో ఒక్కరూ లేరు! మధ్యగతం ఎందుకు కనిపెట్టారో, స్టాండర్డ్ డీవియేషన్ ఏం కొలుస్తుందో ఆ నాలుగంకెలు చూశాక చెబితే ఎక్కుతుంది. సూత్రం ముందు రాయించి లెక్క తర్వాత చేయించే మన పద్ధతి మీద నాకు మొదటినుంచీ పెద్దగా గౌరవం లేదు.

పుస్తకమే కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి సైకాలజీ చాలు, ఉచితంగా దొరుకుతుంది. తెలుగులో కావాలంటే తెలుగు అకాడమీ పుస్తకాలు చూడండి. ఏది చదివినా, కథలా బాగా సాగిపోయే చోట కాస్త అనుమానంగా చదవండి. న్యూయార్క్‌లో 1964లో కిటీ జెనోవీస్ అనే యువతిని హత్య చేస్తుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న కథ చాలా పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. దాన్ని ప్రచారంలో పెట్టిన న్యూయార్క్ టైమ్స్ పత్రికే 2016లో ఆ వార్తలో లోపాలున్నాయని రాసుకుంది. అంతమంది మొత్తం చూడనేలేదు, పోలీసులకు ఫోన్ చేశామని చెప్పినవాళ్లూ ఉన్నారు. అయితే ఆ వార్త చదివి డార్లీ, లతానే అనే ఇద్దరు సైకాలజిస్టులు 1968లో ప్రచురించిన ప్రయోగం దాంతోపాటు కూలిపోలేదు. చుట్టూ ఇంకొందరున్నారనుకున్నప్పుడు మనిషి సాయానికి కదలడంలో ఆలస్యం చేస్తాడని వాళ్లు గదులు వేరుచేసి, సమయం కొలిచి చూపించారు.

ఇక హాస్టల్ సంగతి. సైకాలజీ అని తెలియగానే ఎవరో ఒకరు రాత్రిపూట వచ్చి పక్కన కూర్చుంటారు. మొదటి నెలలో నేర్చుకున్న నాలుగు జబ్బుల పేర్లలో ఒకటి వాళ్లకు తగిలించకండి. మీకు మీరు అసలే తగిలించుకోకండి. చెప్పింది వినండి. 14416 నంబరు ఇవ్వండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అంతకుమించి అవసరమనిపిస్తే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. హైదరాబాద్‌లో కోపం వచ్చినప్పుడల్లా అందరూ తిట్టుగా వాడే ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. అక్కడ ఓపీ ఉంది, చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. ఈ సంగతి మీ స్నేహితుడికి తెలియకపోవచ్చు, ముందు అది చెప్పండి.