ఓటు ఇచ్చేది, ఇవ్వలేనిది

ఎన్నికలు జరిగినంత మాత్రాన ప్రజాస్వామ్యం ఉన్నట్టు కాదని ఫరీద్ జకారియా 2003లో వచ్చిన ‘ది ఫ్యూచర్ ఆఫ్ ఫ్రీడమ్’ పుస్తకంలో వాదించారు. చట్టబద్ధ పాలన, పౌరహక్కులు, స్వతంత్ర న్యాయస్థానాలు లేనిచోట ఓటు నియంతలనూ గద్దెనెక్కిస్తుందని ఆయన హెచ్చరిక. ఒప్పుకోవలసిన మాటే. కానీ ఓటును అనుమానించినంతగా ఆయన వ్యవస్థలను అనుమానించలేదు. నా పేచీ అక్కడే.

మన ఎమర్జెన్సీనే చూడండి. 1975 జూన్‌లో దాన్ని తెచ్చింది ఎన్నికైన ప్రభుత్వమే. ఇంతవరకు జకారియా మాట నిజం. అయితే ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా కోర్టుకెక్కే హక్కు లేదని 1976 ఏప్రిల్‌లో తేల్చింది ఎవరు? సుప్రీంకోర్టు! ఐదుగురు న్యాయమూర్తుల్లో కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. కాపాడవలసిన వ్యవస్థ చేతులెత్తేస్తే, 1977 మార్చిలో ఆ ప్రభుత్వాన్ని దించింది ఓటే.

అలాగని ఓటును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున నెగ్గారు. మరి విచారణ లేకుండా మన జైళ్ళలో మగ్గినవాళ్ళకు జరిగింది ఆ 41 సీట్లతో న్యాయమైపోయిందా? దేశం ఓడించింది కాబట్టి తప్పు, రాష్ట్రం గెలిపించింది కాబట్టి ఒప్పు అనగలమా?

ఓటు పాలించే అధికారం ఇస్తుంది, దించే అవకాశమూ ఇస్తుంది. మనిషిని అకారణంగా బంధించే హక్కు మాత్రం ఇవ్వలేదు. ఆ హక్కు ఓటరుకే లేదు. అమెరికాలో కూర్చుని అక్కడి ఫలితాలకు చప్పట్లు కొట్టే మనం, గెలిచినవాడి మెజారిటీ ఎంతని అడుగుతాం. ఓడినవాడికి ఓటేసిన మనిషి ఆ రాత్రి నిర్భయంగా నిద్రపోయాడా అని కూడా అడగాలి.