గండికోట నాయకులు, ఇంగ్లండు పార్లమెంటు: ఒక పోలికపై విమర్శ

రాజుకు ధనం కావాలి. ఇచ్చేవాడు షరతు పెడతాడు. ఈ ఒక్క సామ్యాన్ని పట్టుకొని గండికోట పెమ్మసాని నాయకులను ఇంగ్లండు పార్లమెంటు సభ్యులతో పోల్చడానికి మనసు సులభంగా మొగ్గుతుంది. కాలం కూడా అందుకు తోడ్పడుతుంది. మొదటి చార్లెస్ శిరచ్ఛేదం 1649 జనవరిలో జరిగింది; గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నది 1650లో. అయితే సంవత్సరాలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన వ్యవస్థలు ఒకటి కావు.

అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసినదాని ప్రకారం భూమి అంతా రాజుది, నాయకుడు గుత్తదారు వంటివాడు. నాయకుల భూముల రాబడి 120 లక్షల పర్దావులు. అందులో 60 లక్షలు రాజుకు చేరాలి. మిగిలినది సైన్యానికి, ఏనుగులకు. చెల్లింపు మహర్నవమి రోజుల్లో. చెల్లించనివానికి శిక్ష, ఆస్తి జప్తు. (ఇంత గుండ్రని అంకెలను చూస్తే నాకు అనుమానమే. కాని ఇక్కడ ముఖ్యం ఏర్పాటు స్వరూపం.) ప్రతి నాయకుడూ రాజుతో విడిగా లెక్క తేల్చుకుంటాడు. అందరూ ఒకచోట కూడి "ఇవ్వము" అనగల సభ అందులో లేదు.

ఇంగ్లండులో ఉన్నది సరిగ్గా అదే. తన సమ్మతి లేనిదే పన్ను వేయరాదని 1628లో పార్లమెంటు హక్కుల విజ్ఞాపన ద్వారా రాజు చేత ఒప్పించుకుంది. చార్లెస్ 1629 నుండి పదకొండేళ్లు సభను పిలవకుండా, ఓడల పన్ను వంటి ఉపాయాలతో నెట్టుకొచ్చాడు. స్కాట్లండుతో యుద్ధం వచ్చి ఖజానా చాలక 1640లో మళ్లీ పిలవవలసి వచ్చింది.

గండికోటలో అటువంటి తగవు వచ్చినప్పుడు ఏమైంది? కర్ణాటకాన్ని జయించిన మీర్ జుమ్లా అక్కడి రాబడితో సొంత సైన్యాన్ని పోషించుకున్నాడు. ఆలయ విగ్రహాల రాగిని కరిగించి ఫిరంగులు పోయించబోయాడని 1652లో ఇక్కడికి వచ్చిన తావెర్నియే రాశాడు. అబ్దుల్లా కుతుబ్ షాకు అనుమానం పెరిగింది. 1655లో మీర్ జుమ్లా కుమారుణ్ణి బంధించాడు. మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరాడు, 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చాడు. సభ లేనిచోట ధనవివాదానికి దొరికిన పరిష్కారం ఇంకా పెద్ద యజమాని.

వేదాంత విద్యార్థికి ఇక్కడ 1 రాజులు 12వ అధ్యాయం ఎక్కువ పనికివస్తుంది. షెకెములో జనులు సమాజంగా కూడి, కాడి తేలిక చేయమని రెహబామును అడిగారు. మన ప్రసంగాలు వృద్ధుల సలహా, యువకుల సలహా దగ్గరే ఆగిపోతాయి. రాళ్లదెబ్బలకు చచ్చిన అదోరాము వెట్టిపనివారి మీద అధికారి అన్న సంగతిని త్వరగా దాటిపోతాం. అక్కడ మాట్లాడినది కాడి మోసినవారే. వెస్ట్‌మినిస్టరులో అలా కాదు. కౌంటీలలో ఏడాదికి 40 షిల్లింగుల రాబడి గల భూమి ఉన్నవారికే ఓటు. కూలివాని తరఫున ఎవరూ లేరు.

1 సమూయేలు 8లో ప్రవక్త హెచ్చరించినది రాజు తీసుకొనే పదియవ భాగం గురించి. న్యూనిజ్ లెక్కలో రైతు తొమ్మిది పాళ్లు నాయకునికి ఇస్తాడు, అతనికి మిగిలేదే పదియవ భాగం. గండికోటలో మసీదు దగ్గరి ధాన్యాగారాన్ని ఈ లెక్క తెలిసి చూడాలి.