చదునైన తల, హెల్మెట్ చికిత్స: ఒక పరిశోధనపై విమర్శ

అమీన్‌పూర్‌లో మా యింటికి రెండు వీధుల అవతల ఒక యువదంపతులు కాపురమున్నారు. భర్త పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు పని చేయుచున్నాడు. వారి పాపకు ఐదవ నెల నడుచుచుండగా తల వెనుక కుడిప్రక్క చదునైనట్లు గమనించిరి. ఊరినుండి వచ్చిన నాయనమ్మ, "పండుకుంటె అట్లనే అయితది బిడ్డా, కూసునుడు నేర్చినంక అదే సక్కగైతది" అనెను. ఒక వైద్యుడు భయము లేదని చెప్పి పంపివేసెను. మరియొకచోట, నెల లోపల హెల్మెట్ పెట్టించనిచో తల ఇట్లే నిలిచిపోవునని చెప్పి, ఆ తండ్రికి రెండు నెలల జీతమును మించిన ధర చెప్పిరి. అతడు నాయొద్దకు వచ్చి, "సార్, మీరు సైన్సు చెప్తరు గద, ఇద్దరిల ఎవలది నిజం?" అని అడిగెను.

నేను వైద్యుడను కాను. అయితే ఈ వివాదము నడుమ ఒక పరిశోధన ఉన్నది. హెల్మెట్ వలదనువారు దానిని ప్రమాణముగా చూపుదురు. కావలెననువారు దానిలో లోపములు ఎన్నుదురు. దానిని చదివి తూకము వేయుట శాస్త్రము బోధించువారికి అసాధ్యము కాదు. ఈ వ్యాసమున ఆ పని చేయ ప్రయత్నింతును.

పుఱ్ఱె పెరుగు తీరు

పుట్టిన శిశువు పుఱ్ఱె ఒకే గట్టి చిప్ప కాదు. కొన్ని పలుచని ఎముకలు, వాటి నడుమ సీవనులు అను మెత్తని అతుకులు ఉండును. ముందువైపు అతుకులు కలియుచోట మనము మాడు అని పిలుచు మెత్తని భాగము ఉన్నది. లోపల మెదడు పెరుగుచున్నకొలది ఎముకలు వెలుపలికి జరుగును. పుట్టినప్పుడు సుమారు 34, 35 సెంటీమీటర్లున్న తల చుట్టుకొలత ఏడాదికి సుమారు 46 సెంటీమీటర్లు అగును. ఈ పెరుగుదల సమముగా ఉండదు. మొదటి 3 నెలలు నెలకు సుమారు 2 సెంటీమీటర్లు, తరువాతి 3 నెలలు నెలకు 1 సెంటీమీటరు, ఆపైన నెలకు అర సెంటీమీటరు చొప్పున పెరుగును. అనగా ఏడాది పెరుగుదలలో సగము మొదటి 3 నెలలలోనే ముగియును. ఈ లెక్కను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు మనకు దీనితో పని ఉన్నది.

పాదున కాచిన గుమ్మడికాయను చూచినవారికి మిగిలిన సంగతి సులభముగా బోధపడును. నేల తగిలిన ప్రక్క చదునుగా ఉండును. దానిని ఎవరును అణచలేదు. అటు పెరుగ వీలులేక ఇతర దిక్కులకు పెరిగినది. పిందెగా నున్నప్పుడు త్రిప్పి పెట్టినచో గుండ్రమగును. ముదిరిన తరువాత త్రిప్పి ప్రయోజనము లేదు. వెల్లకిల పరుండి ఎల్లప్పుడు ఒకే ప్రక్కకు తల త్రిప్పు శిశువు విషయమును ఇంతే. దీనికి ప్లాజియోసెఫలీ అని పేరు. గ్రీకు భాషలో ఏటవాలు తల అని అర్థము.

ఇది అరుదైన స్థితి కాదు. కెనడాలోని కాల్గరీ నగరమున 7 నుండి 12 వారముల వయస్సుగల 440 మంది శిశువులను పరీక్షించి 2013లో ప్రకటించిన ఫలితముల ప్రకారము నూటికి దాదాపు 47 మందిలో ఎంతో కొంత చదును కనబడినది. అందు మూడు వంతులకు పైగా స్వల్పమైనవే. శిశువులను వెల్లకిల పరుండబెట్టవలెనని అమెరికా శిశువైద్యుల సంఘము 1992లో సలహా ఇచ్చెను; 1994లో దానిపై పెద్ద ప్రచారము ఆరంభమైనది. నిద్రలో కారణము తెలియక సంభవించు శిశుమరణములు ఆ తరువాత సగమునకు పైగా తగ్గినవి. చదునైన తలలు పెరిగినట్లు వైద్యులు గమనించినదియు ఆ సంవత్సరములలోనే. ప్రాణరక్షణ ముందు తల వంకర చిన్న విషయము. కనుక తల చదునగునను భయముతో శిశువును బోర్లా నిద్రపుచ్చరాదు.

పరీక్ష చెప్పినదేమి?

హెల్మెట్ చికిత్సను స్టెర్లింగ్ క్లారెన్, అతని సహచరులు 1979లో వివరించిరి. హెల్మెట్ తలను నొక్కదు. ఉబ్బిన చోట తగులుచు, చదునైన చోట ఖాళీ విడిచి, పెరుగుదలను ఆ ఖాళీ వైపు మళ్ళించును. సూత్రము సరియైనదే. కాని సూత్రము సరియైనంత మాత్రమున చికిత్స ఫలించినట్లు కాదు. హెల్మెట్ లేకున్నను తల ఎంత సరియగునో చూచి పోల్చవలెను.

ఆ పోలికను నెదర్లాండ్స్ దేశమున రెన్‌స్కే వాన్ వైక్, ఆమె సహచరులు చేసి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. మధ్యస్థము మొదలు తీవ్రము వరకు వంకర గల 84 మంది శిశువులను 5, 6 నెలల వయస్సున తీసికొని, చీటీ వేసినట్లు రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టుకు 6 నెలలపాటు రోజుకు 23 గంటలు హెల్మెట్. రెండవ జట్టుకు ఏ చికిత్సయు లేదు. రెండేండ్ల వయస్సున కొలువగా హెల్మెట్ జట్టులో 39 మందికి 10 మంది, రెండవ జట్టులో 40 మందికి 9 మంది పూర్తిగా సరియైరి. వంకర కొలతలో సగటు తగ్గుదలయు దాదాపు సమానమే. హెల్మెట్ ధరించిన శిశువుల తల్లిదండ్రులందరును చర్మము కందుట, చెమట, ఎత్తుకొన వీలుకాకపోవుట వంటి ఏదో ఒక ఇబ్బంది చెప్పిరి. కాబట్టి ఆరోగ్యముగా నున్న ఇట్టి శిశువులకు హెల్మెట్‌ను సామాన్య చికిత్సగా వాడరాదని పరిశోధకులు తేల్చిరి.

గుణదోషములు

ఈ పరీక్ష గుణము దాని విభజనలో ఉన్నది. అంతకు ముందు అధ్యయనములలో హెల్మెట్ కోరినవారిని కోరనివారితో పోల్చుచుండిరి. ఇక్కడ ఆ పక్షపాతమునకు తావు లేదు. పాఠశాలలలో ప్రయోగపద్ధతి బోధించుటకు ఇది మంచి ఉదాహరణము.

దోషములును ఉన్నవి. అర్హులైన కుటుంబములలో సుమారు ఐదవ వంతు మాత్రమే చీటీకి ఒప్పుకొనిరి. హెల్మెట్ తలపై తిరిగిపోవుచున్నదని పలువురు తల్లిదండ్రులు చెప్పిరి. సరిగా అమరని పరికరముతో ఆ పద్ధతి సామర్థ్యమును నిర్ణయింపలేము. సంఖ్యయు చిన్నది. నూటికి 26, నూటికి 23 అనినచో భేదమున్నట్లు తోచును. నిజమునకు అది ఒక్క శిశువు భేదము. సంఖ్యాశాస్త్ర రీత్యా లెక్కించినచో, పూర్తిగా సరియైనవారి విషయమున అసలు భేదము ఇటు నూటికి 16 తక్కువ మొదలు అటు నూటికి 22 ఎక్కువ వరకు ఎక్కడనైనను ఉండవచ్చును. తీవ్రతను మించిన వంకరలను గూర్చి ఈ పరీక్ష ఏమియు చెప్పదు. అమెరికా నాడీశస్త్రవైద్యుల కాంగ్రెస్ 2016లో ఇచ్చిన మార్గదర్శక సూత్రములు, ఇతర ఉపాయములు చేసిన పిమ్మటను మిగిలిన మధ్యస్థ, తీవ్ర వంకరలకు హెల్మెట్‌ను అంగీకరించుటను ఈ దృష్టితో చూడవలెను.

రెండు పక్షములును విడిచిన మాట

నా ముఖ్యమైన ఆక్షేపణ పరీక్షపై కాదు, దానిని చదువు తీరుపై. హెల్మెట్ వలదనువారు "దానంతట అదే సరియగును" అని దీనినుండి తీసికొందురు. కాని ఏ చికిత్సయు లేని జట్టులో పూర్తిగా సరియైనవారు నాలుగవ వంతు కూడ లేరు. వంకర తగ్గినది, పోలేదు. హెల్మెట్ కావలెననువారు ఆలస్యమైనచో అవకాశము పోవునని తొందరపెట్టుదురు. కాని 5వ నెలకే అవకాశములో అధిక భాగము గడచిపోయినది. పైన చెప్పిన చుట్టుకొలత లెక్క ఇచ్చట పనికివచ్చును.

అదే దేశమున 2008లో వాన్ వ్లిమరెన్, సహచరులు ప్రకటించిన మరియొక పరీక్ష ఇంత ప్రసిద్ధి పొందలేదు. తలను ఒకే ప్రక్కకు త్రిప్పు 65 మంది శిశువులను వారు 7 వారముల వయస్సుననే ఎన్నుకొనిరి. ఒక జట్టుకు ఫిజియోథెరపీ చేయించి, ఇంటిలో ఎత్తుకొను విధము, పరుండబెట్టు విధము తల్లిదండ్రులకు నేర్పిరి. రెండవ జట్టుకు సలహాల కరపత్రము మాత్రమే. తీవ్రమైన వంకర 6 నెలలకు మొదటి జట్టులో నూటికి 30 మందికి, రెండవ జట్టులో నూటికి 56 మందికి ఉన్నది. ఏడాదికి మొదటిది 24కు దిగినది, రెండవది 56గానే నిలిచినది. ఇదియు చిన్న పరీక్షయే. ఐనను పిందెను త్రిప్పవలసిన కాలమేదో ఇది చూపుచున్నది.

మొదట తేల్చవలసినది

ఇంకొక సంగతి ఉన్నది. 2014 పరీక్షలో మెడ బిగుసుకొనిన శిశువులను, సీవనులు ముందుగానే మూసికొనిన శిశువులను చేర్చలేదు. కాబట్టి ఆ రెండును లేవని తేలువరకు ఆ ఫలితము ఏ శిశువుకును వర్తింపదు.

సీవని ముందుగా మూసికొనుటను క్రేనియోసినోస్టోసిస్ అందురు. ఇది సుమారు రెండు, రెండున్నర వేల జననములకు ఒకటి; వెనుకప్రక్క సీవని మూసికొనుట ఇంకను అరుదు. దీనికి శస్త్రచికిత్స కావలసియుండును. కొన్ని పద్ధతులకు మొదటి కొద్ది నెలలే అనుకూలము. వంకర సాధారణముగా పుట్టుకతోనే ఉండును, సీవని వెంట గట్టి గట్టువలె చేతికి తగులును. పరుండుటవలన కలిగిన చదును కొన్ని వారములకు బయటపడును. పైనుండి చూచినప్పుడు తల సమాంతర చతుర్భుజమువలె ఉండి, చదునైన వైపు చెవియు నుదురును కొంచెము ముందుకు జరిగియుండును. అనుభవముగల వైద్యుడు చాలవరకు చేతులతోను, టేపుతోను దీనిని తేల్చును. అనుమానమున్నప్పుడే స్కాన్ అవసరము. అట్టి అనుమానము కలిగినచో అమీన్‌పూర్‌వారికి హైదరాబాదులోని నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, నిమ్స్ నాడీశస్త్రచికిత్స విభాగము అందుబాటులో ఉన్నవి.

ఆ పాప మాట చెప్పి ముగింతును. నేను ఆ తండ్రికి ఏ పక్షమును సమర్థింపలేదు. సీవనులు, మెడ చూచి చెప్పగల పిల్లల వైద్యునికి చూపమంటిని. చూపిరి. సీవనులు తెరచియే ఉన్నవి. కాని మెడ ఎడమవైపు కండరము బిగుసుకొని ముఖము ఎడమకు పూర్తిగా తిరుగుట లేదు. వెనుకటి రెండు చోట్లను ఎవరును ఆమె మెడ త్రిప్పి చూడలేదు. అనగా ఏ పరీక్షను గూర్చి రెండు పక్షములును వాదించుచున్నవో ఆ పరీక్షలో ఈ పాపకు చోటే లేదు. ఇప్పుడు మెడకు వ్యాయామము చేయించుచున్నారు. మేలుకొని యున్నప్పుడు పెద్దల కన్నుల యెదుట బోర్లా పరుండబెట్టుచున్నారు. పాప ఎల్లప్పుడు తలుపు వైపు, వెలుతురు వైపు చూచుచుండెడిది. ఇప్పుడు తల, కాళ్ళు దిక్కు మార్చి పరుండబెట్టుచున్నారు. రెండు నెలల తరువాత కొలిచి హెల్మెట్ మాట ఆలోచింతురు. నాయనమ్మ తెచ్చిన ఆవాల దిండును తీసివేసిరి. తల ఆకృతికై దిండ్లు వాడవద్దని, ఊపిరాడని ప్రమాదమున్నదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022లో హెచ్చరించినది. స్నానమప్పుడు తలను ఒత్తి గుండ్రము చేయుట కూడ మానిరి.

మన దేశమున 6, 10, 14 వారముల వయస్సున ప్రతి శిశువుకును టీకాలు వేయించుదురు. పిందెను త్రిప్పవలసిన కాలము సరిగా అదియే; ఆ మూడు రోజులును బిడ్డ ఆరోగ్య కార్యకర్త చేతిలోనే ఉండును. తలను పైనుండి ఒకసారి చూచి, మెడను ఇరుప్రక్కలకు త్రిప్పి చూచుటకు ఒక నిమిషము చాలును, పైకము అక్కరలేదు. హెల్మెట్ మంచిదా కాదా అను వాదము 5వ నెలలో ఆరంభమగుచున్నది. దానికి ముందే ఆ నిమిషము దొరికినచో మా వీధి పాపవంటి వారిలో అనేకులకు ఆ వాదముతో పనియే ఉండకపోవచ్చును.