మూత పడటంలో పనితనం

పెడన నుంచి బంటుమిల్లి వచ్చే దారిలో రొయ్యల మేత లారీ ఆగినప్పుడు ‘బుస్’మని చప్పుడొస్తుంది. కార్ల మీద కొత్తగా మోజు పడ్డ కుర్రాళ్లు అది టర్బో వాల్వ్ అనుకుంటారు. అది ఎయిర్ బ్రేకుల గాలి. డీజిల్ లారీకి బ్లో-ఆఫ్ వాల్వ్ ఉండదు, దానితో పనీ లేదు. డీజిల్ ఇంజన్‌లో వేగం తగ్గించాలంటే డీజిల్ తగ్గిస్తారే గాని గాలి దారి మూయరు. పెట్రోల్ ఇంజన్‌లో కాలు తీయగానే థ్రాటిల్ రేకు గాలి దారికి అడ్డం పడుతుంది. కథంతా అక్కడే మొదలవుతుంది.

2017లో టాటా నెక్సాన్ 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్‌తో వచ్చింది. 2019లో మన పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీ నుంచి కియా సెల్టాస్ 1.4 లీటర్ల టర్బోతో వచ్చింది. ఇప్పుడు టర్బో పెట్రోల్ కారంటే వింతగా చూసేవాళ్లు లేరు. బండి చేతికొచ్చిన కొన్నాళ్లకు కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ఏ బ్లో-ఆఫ్ వాల్వ్ వేయిస్తే చప్పుడు బాగుంటుంది? చప్పుడు సంగతి పక్కన పెట్టి మూత ఎలా పడుతుందో చూడమంటాను నేను. తెరుచుకోమంటే ఏ వాల్వ్ అయినా తెరుచుకుంటుంది. తెరుచుకున్నది రెప్పపాటులో, గాలి కారకుండా, మళ్లీ అదే చోట కూర్చోవాలి. చేసినవాడి చెయ్యి అక్కడ తెలుస్తుంది.

చిన్న కార్ల టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. కొన్ని రెండు లక్షల దాకా పోతాయి. ఆ వేగంలో ఉండగా కాలు తీస్తే, అప్పటిదాకా కుక్కిన గాలికి ముందు దారి మూసుకుపోతుంది. అది వెనక్కి తిరిగి చక్రం మీదే పడుతుంది. టపటపా కొట్టుకున్నట్టు వినిపించేది ఆ ఎదురుగాలే. చక్రం వేగం పడిపోతుంది, ఇరుసును పక్కకు జరగకుండా పట్టే బేరింగ్ మీద బరువు పడుతుంది. ఆ గాలికి పక్క దారి చూపించడమే వాల్వ్ పని.

దివిసీమలో మురుగు కాలవలు సముద్రంలో కలిసేచోట ఔట్‌ఫాల్ స్లూయిజ్‌లు చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. లోపలి నీరు బయటికి పోవాలి, పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు లోపలికి రాకూడదు. తలుపు సరిగా కూర్చోకపోతే పొలం ఏమవుతుందో అక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ వాల్వ్ కూడా రెండు పక్కల ఒత్తిళ్ల మధ్య నిలబడ్డ తలుపే. పిస్టన్ కింది ముఖానికి టర్బో గాలి తగులుతుంది. పై గదికి ఇంజన్ మానిఫోల్డ్ నుంచి సన్నటి రబ్బరు గొట్టం వస్తుంది. కాలు నొక్కి ఉన్నంతసేపు పైనా కిందా ఒత్తిడి దాదాపు సమానం, అందుకని చిన్న స్ప్రింగే మూతను అదిమి పెట్టగలుగుతుంది. కాలు తీయగానే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుట్టి పిస్టన్‌ను పైకి లాగుతుంది, కింది గాలి నెడుతుంది. వైరు లేదు, కంప్యూటర్ లేదు. డ్రైవర్ కాలు కదిలిన సంగతి ఆ గొట్టమే చేరవేస్తుంది. ఇంత పొదుపైన ఆలోచన ఇంజన్ మొత్తంలో మరొకటి చూపించమంటే నాకు కష్టమే.

బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచితే గట్టి స్ప్రింగ్ వేయాలని చాలామంది చెబుతారు. అది సరికాదు. పెంచిన ఒత్తిడి రెండు వైపులా పెరుగుతుంది. స్ప్రింగ్‌ను ఎంచవలసింది ఐడిల్‌లో ఉండే వాక్యూమ్‌ను బట్టి. బంటుమిల్లి సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో సుమారు 18 నుంచి 20 అంగుళాల పాదరసం వాక్యూమ్ చూపిస్తుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో అదే ఇంజన్‌కు దాదాపు 3 అంగుళాలు తగ్గుతుంది. అమెరికాలోని టియాల్ వంటి తయారీదారులు ఒకే వాల్వ్‌కు రకరకాల స్ప్రింగులు ఇచ్చేది ఇందుకే. మెత్తటిది పడితే ఐడిల్‌లోనే మూత లేస్తుంది. మరీ గట్టిదైతే కాలు కొంచెం తీసినప్పుడు తెరుచుకోదు, టపటప మళ్లీ మొదలవుతుంది.

ఇక వాల్వ్‌ను చేతిలోకి తీసుకుందాం. మంచిదాన్ని విప్పితే పిస్టన్ పక్కగోడ మీద కత్తి గీతలు కంటికి ఆనవు, గోటికి తగలవు. పిస్టన్ కూర్చునే సీటు అంచు కొద్దిగా ఏటవాలుగా ఉంటుంది, చుట్టూ ఒకే వెడల్పులో. స్ప్రింగ్ రెండు కొనలూ చదునుగా అరగదీసి ఉంటాయి. లేకపోతే స్ప్రింగ్ ఒక పక్కకు వాలి పిస్టన్‌ను గోడకేసి రాస్తుంది. ఓ-రింగ్ గాడి లోతు వెంట్రుకవాసి తగ్గితే పిస్టన్ బిగుసుకుంటుంది, పెరిగితే గాలి కారుతుంది. జపాన్‌కు చెందిన హెచ్‌కేఎస్ సీక్వెన్షియల్ వాల్వ్‌లో రెండు మూతలుంటాయి. తక్కువ ఒత్తిడికి చిన్నది, ఆపైన పెద్దది లేస్తాయి. ఒకదానిలో ఒకటి ఇమిడి, ఏదీ మరొకదాన్ని పట్టేయకుండా కదలాలి. ఆ లేతు పనికి దండం పెట్టాలి.

పాత ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలో వచ్చిన బాష్ డైవర్టర్ వాల్వ్‌లో (గాలిని తిరిగి టర్బో ముందరికే పంపే రకం) పిస్టన్ బదులు రబ్బరు పొర ఉంటుంది. ప్లాస్టిక్ ఒళ్లు, చూపులకు ఏమీ ఉండదు. కానీ మూతను వేలితో లోపలికి నొక్కి, గొట్టం తగిలించే ముక్కును బొటనవేలితో మూసి, వదలండి. పొర బాగుంటే మూత అక్కడే నిలుస్తుంది, చిరిగితే తిరిగొచ్చేస్తుంది. సెకండ్ హ్యాండ్‌ది కొనేవాళ్లకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు. కొత్త కార్లలో చాలావాటికి కరెంటు సొలినాయిడ్ వాల్వ్ టర్బో మీదే ఉంటుంది. ఆస్ట్రేలియాకు చెందిన జీఎఫ్‌బీ ఇలాంటివాటి కోసం ఆ సొలినాయిడ్‌ను అలాగే ఉంచి, కదిలే భాగం మాత్రం లోహంతో చేసి ఇస్తుంది. ఉన్న మంచిని చెడగొట్టకుండా బలహీనమైన చోటు మాత్రమే మార్చే ఆ తీరు నాకు బాగా నచ్చింది.

గాలిని బయటికి వదిలే రకం ఎంచేముందు ఒకటి చూసుకోవాలి. కారుకు గాలిని కొలిచే సెన్సార్ టర్బోకు ముందే ఉంటే, కొలిచిన గాలి బయటికి పోతుంది, దానికి లెక్కగట్టిన పెట్రోల్ మాత్రం సిలిండర్‌లో పడుతుంది. గేరు మార్చినప్పుడు ఇంజన్ తడబడి, నల్ల పొగ వదులుతుంది. అలాంటి బండికి గాలిని తిరిగి టర్బో ముందరికే పంపే రకం వేయాలి. కంపెనీ వాల్వ్ బాగా మూసుకుంటున్నంతకాలం దాన్ని మార్చకపోవడమే నా సలహా. వారంటీ ఒక కారణం, కంపెనీ ఇచ్చిన తీరును మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 పెట్టిన హద్దులు మరో కారణం.

మార్చక తప్పనివాళ్లు మన ఉప్పుగాలిని మరవకూడదు. గిలకలదిండి, కృత్తివెన్ను వైపు తిరిగే బండిలో స్టీలు బోల్టు అల్యూమినియాన్ని పట్టుకున్నచోట తెల్లపొడి లేస్తుంది. అనోడైజింగ్ పూత గీసుకుపోతే పిస్టన్ ముందు ఆ గీత దగ్గరే పట్టేస్తుంది. అందుకే రంగు చూసి కొనకుండా, లోపలి గోడకు కూడా పూత ఉందో లేదో చూడాలి. ఏటా ఒకసారి, వానాకాలం వెళ్లాక, సర్‌క్లిప్ తీసి, పిస్టన్ తుడిచి, ఓ-రింగ్‌కు రబ్బరును తినని సిలికాన్ గ్రీజు పలచగా రాసి పెడితే చాలు. సన్న గొట్టం కొన గట్టిపడి పగిలితే అంగుళం కోసి మళ్లీ తొడిగి, క్లిప్పు కొత్తది వేయాలి.