నేలకు వంచిన తీగ

ద్రాక్షతోట అనగానే మనకు పందిరి గుర్తుకొస్తుంది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి పండించిన తోటలు చూసినవాళ్లకు మరీను. వరసగా స్తంభాలు, వాటి మీద తీగల అల్లిక, తల ఎత్తితే గుత్తులు. సాంటోరినిలో ద్రాక్ష కోసం తల దించాలి. అక్కడ తోటలో నిలబడ్డవాడికి తోట మోకాలి దాకా కూడా రాదు. బూడిదరంగు నేల మీద ఎడంఎడంగా ఎవరో పచ్చటి గంపలు పెట్టి మరిచిపోయినట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్లి ఆకులు తప్పిస్తే, మణికట్టంత లావు తీగ తన చుట్టూ తానే చుట్టుకుని కనిపిస్తుంది. ఆ చుట్టల నడుమ, గూట్లో గుడ్లలా, గుత్తులు.

ఏజియన్ సముద్రంలో గ్రీసుకు చెందిన ఈ దీవిని అందరూ పడమటి అంచు నుంచే చూస్తారు. కొండకొమ్మున సున్నం కొట్టిన ఇళ్లు, నీలం గుమ్మటాలు, కింద లోతైన నీళ్లు. ఫొటోలన్నీ అక్కడివే. ఆ అంచుకు వీపు తిప్పితే దీవి తూర్పుగా, మెల్లగా సముద్రంలోకి వాలుతుంది. తోటలు ఎక్కువగా ఆ వాలులోనే ఉన్నాయి. ఆసిర్టికో అనే తెల్ల ద్రాక్ష, దాని నుంచి తీసే ఉప్పూ పులుపూ కలిసిన తెల్ల వైన్ అక్కడివే. ఈ వైన్ గురించి రాసేవాళ్లు సాధారణంగా రుచితో మొదలుపెడతారు. నేను కత్తిరింపుతో మొదలుపెడతాను. ఎందుకంటే తోటలో ఆ రుచికి కారణమైన వాటిలో మనిషి చేతిలో ఉన్నది అదొక్కటే.

మిగిలినదంతా అగ్నిపర్వతం చేసింది. సుమారు 3600 ఏళ్ల కిందట ఈ దీవి పేలిపోయింది. నడిమి భాగం కుంగిపోయి సముద్రం లోపలికి వచ్చింది. మిగిలిన నెలవంక లాంటి ముక్క మీద బూడిద, తేలికపాటి నురగరాయి మీటర్ల కొద్దీ పేరుకున్నాయి. ఆక్రోతిరి అనే ఊరు ఊరంతా దాని కిందే ఉండిపోయింది. 1967లో స్పిరిడాన్ మారినాతోస్ తవ్వకాలు మొదలుపెట్టాకే అది మళ్లీ వెలుగు చూసింది. ఆ బూడిద నేలను స్థానికులు ‘ఆస్పా’ అంటారు. సున్నంలో కలిపితే నీటిలో కూడా గట్టిపడే గుణం దానిది. అందుకే 19వ శతాబ్దంలో సూయజ్ కాలువ పనుల కోసం ఓడల్లో తరలించారు.

ఆస్పాలో బంకమట్టి దాదాపు లేదు. కుళ్లిన ఆకు, పేడ లాంటి సత్తువ కూడా దాదాపు లేదు. మన రైతు చేతిలోకి తీసుకుంటే ఇది నేలే కాదంటాడు. అయితే ఈ లేమిలోంచే రెండు వరాలు వచ్చాయి. మొదటిది, ఫిలోక్సెరా ఇక్కడ బతకదు. వేళ్లను పట్టి పీల్చే ఆ పేను లాంటి పురుగు 1860ల నుంచి యూరప్ ద్రాక్షను తుడిచిపెట్టింది. అమెరికా జాతి వేళ్ల మీద అంటు కట్టుకోవడం తప్ప మరో దారి దొరకలేదు. ఈరోజు ఫ్రాన్స్‌లోనో ఇటలీలోనో ఒక ద్రాక్షమొక్కను పీకి చూస్తే పైన ఒక జాతి, కింద ఇంకో జాతి ఉండటం మామూలు. సాంటోరిని తీగ తన సొంత వేళ్ల మీద ఉంది. రెండోది పులుపు. నేలలో పొటాషియం ఎక్కువగా ఉంటే, పండేకొద్దీ ద్రాక్షలోని పులుపును అది విరిచేస్తుంది. ఆస్పాలో పొటాషియం తక్కువ. అందువల్ల ఎండకు పండు బాగా తీపెక్కినా పులుపు దిగదు. ఎండలు మండే చోట పండి, చలిదేశపు ద్రాక్షలా పదునుగా ఉండే పండు అరుదు. ఆసిర్టికో ఆ కోవలోది.

ఇక నీళ్లు. ఏడాదికి 350 మిల్లీమీటర్లకు అటుఇటుగా కురుస్తుంది, అదీ చలికాలంలో. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురం సగటు 550 దగ్గర ఉంటుంది. సాంటోరినిలో వేసవిలో చుక్క పడదు. రాత్రిపూట సముద్రం మీంచి తేమ కమ్ముకుంటుంది. నురగరాయి బొరియల్లో ఆ తేమను పట్టి, పగలు తీగకు కొద్దికొద్దిగా అందిస్తుంది. ఆ కాస్త నీళ్లకు పోటీ పెరగకుండా మొక్కకూ మొక్కకూ మధ్య బాగా ఎడం వదులుతారు. ఇదంతా ఒక ఎత్తు, గాలి మరో ఎత్తు. వేసవంతా ఉత్తరం నుంచి ‘మెల్టెమి’ అనే గాలి వీస్తుంది. అది లేతచిగుళ్లను విరిచేస్తుంది, ఇసుక విసిరి పూతను గీరేస్తుంది. ఇలాంటి చోట పందిరి వేస్తే ఒక్క వేసవి కూడా నిలవదు.

అందుకే తీగను నేలకు వంచారు. ఈ పద్ధతి పేరు ‘కులూరా’. గుండ్రంగా చుట్టినదని అర్థం. గ్రీకు వీధుల్లో అమ్మే ఉంగరం లాంటి రొట్టెను ‘కులూరి’ అనేది కూడా ఆ మాటతోనే. నాకు మాత్రం ఆ తీగను చూస్తే మన చుట్టకుదురే గుర్తుకొస్తుంది. బిందె కుదురుగా నిలవడానికి ఎండుగడ్డినో పాతగుడ్డనో మెలిపెట్టి చుట్టి నెత్తిన పెట్టుకునే ఆ చుట్టకూ, ఈ తీగ చుట్టకూ పనితనం ఒకటే. మెలి బిగిస్తే విరుగుతుంది, వదులైతే విప్పుకుంటుంది.

పని చలికాలంలో, తీగ నిద్రపోతున్నప్పుడు జరుగుతుంది. కత్తిరించే మనిషి మొక్క ముందు మోకరిల్లి, కిందటేడు వచ్చిన కొమ్మల్లో ఏది ఉండాలో ఏది పోవాలో చూస్తాడు. ఉంచిన పొడుగు కొమ్మలను ఒకదానిలోంచి ఒకటి దూర్చి పాత చుట్ట మీద కొత్త చుట్టగా అల్లుతాడు. ఏ మొగ్గ లోపలికి తిరగాలి, ఏది బయటికి రావాలి అన్నది అప్పుడే నిర్ణయమవుతుంది. చిగుళ్లు వేసవిలో చుట్ట మీద గొడుగులా ఆకులు వేస్తాయి, గుత్తులు లోపల వేలాడతాయి. గాలి పైనుంచి పోతుంది, ఎండ ఆకుల మీద ఆగిపోతుంది, రాత్రి తేమ బుట్ట అడుగున నిలుస్తుంది. ప్రతి ఏడాదీ ఒక చుట్టు పెరుగుతుంది. ఒక మొక్క ముందు కూర్చుంటే, ఇంతకుముందు దాన్ని కత్తిరించిన మనుషుల నిర్ణయాలన్నీ కట్టె రూపంలో కళ్లముందే ఉంటాయి. తప్పు చేసినవాడి తప్పు కూడా.

దశాబ్దాలు గడిచేసరికి చుట్టలు ఎంత పెరుగుతాయంటే, వేరు నుంచి బయలుదేరిన రసం ఆ పాత కట్టె మెలికలన్నీ తిరిగి చిగురు చేరడమే కష్టమవుతుంది. కాపు తగ్గుతుంది. డెబ్బై, ఎనభై ఏళ్లకు అలా అయిందనుకోండి, బుట్టను మొత్తంగా మొదటికి కోసేస్తారు. మొక్క చావదు. లోపల నిద్రపోయే మొగ్గ ఒకటి లేస్తుంది, అదే వేరు మీద కొత్త బుట్ట మొదలవుతుంది. అందుకే ఇక్కడ మొక్క వయసెంత అంటే రెండు జవాబులు ఉంటాయి. బుట్ట వయసు ఒకటి, వేరు వయసు ఒకటి. కొన్ని వేళ్లకు వందల ఏళ్లు ఉంటాయని అంచనా. ఎక్కడైనా మొక్క చచ్చి ఖాళీ పడితే, పక్క మొక్క కొమ్మనే మట్టిలోకి వంచి పాతి వేరు దిగేదాకా తల్లినుంచి వేరుచేయరు. కడియం నర్సరీవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, అచ్చంగా నేలంటు. అలా చూస్తే తోటంతా కొన్ని పాత తల్లుల సంతానమే.

సిసిలీకి, ట్యునీషియాకు మధ్యనున్న పాంతెల్లెరియా దీవిలో కూడా గాలికి భయపడి ద్రాక్షను గుంటల్లో పొట్టి పొదలుగా పెంచుతారు. ఆ పద్ధతిని 2014లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. కులూరా పనితనం దానికి ఏమాత్రం తీసిపోదని నా నమ్మకం.

కోత ఆగస్టులో, గ్రీసులో చాలా చోట్లకన్నా ముందు. యంత్రం దూరే దారి లేదు. నడుం వంచి, చేయి బుట్టలోకి పెట్టి ఒక్కో గుత్తినీ తీయాలి. దిగుబడి చాలా తక్కువ. వెనకటి రోజుల్లో పండును బూడిదకొండ తొలిచి కట్టిన ‘కానవా’ అనే గుహల్లోకి మోసి, కాళ్లతో తొక్కి రసం తీసేవారు. పగటి వేడికి రసం చెడకుండా రాత్రికి రాత్రే తొక్కి తీసిన వైన్‌కు ‘నిక్తెరి’ అని పేరు, ‘రాత్రి’ అనే మాట నుంచే. ఈనాటికీ ఆ పేరుతో కాస్త ఘాటైన, పీపాలో కొన్నాళ్లు నిలవ చేసిన తెల్ల వైన్ చేస్తారు. మరో పాత రకం ‘విన్‌సాంటో’. గుత్తులను రెండు వారాల దాకా ఎండలో పరిచి, ఒరుగుల్లా చేసి, అప్పుడు పిండుతారు. పీపాల్లో కనీసం రెండేళ్లు ఉంచాలని నియమం. 1903 నుంచి ఉన్న ఆర్గిరోస్ కుటుంబం అయితే ఇరవై ఏళ్లు ఉంచినది కూడా అమ్ముతుంది. 19వ శతాబ్దంలో ఈ తీపి వైన్ రష్యాలోని చర్చిల దాకా వెళ్లింది.

తీపి లేని తెల్ల వైన్‌గా ఆసిర్టికోకు లోకంలో పేరు రావడం మాత్రం ఇటీవలి మాట. 1956 జులైలో వచ్చిన పెద్ద భూకంపం ఊళ్లను కూల్చింది. చాలామంది దీవి విడిచి వెళ్లిపోయారు, తోటలు బీడుపడ్డాయి. 1971లో ప్రభుత్వం సాంటోరిని పేరుకు చట్టరక్షణ ఇచ్చింది కానీ సీసాలో ఉన్నది పాత మోటు రుచే. 1989లో బూటారి సంస్థ మెగలోహోరిలో కొత్త వైనరీ తెరిచింది. పండును కాస్త ముందు కోసి, ఉక్కు తొట్లలో చల్లగా పులియబెట్టడం అప్పుడు ఊపందుకుంది. 1991లో గణితం పాఠాలు చెప్పే పారిస్ సిగాలాస్ దీవి ఉత్తరకొసన ఓయాలో వైన్ మొదలుపెట్టారు. తర్వాత ఆయన వైనరీ ఏడు ఊళ్ల ద్రాక్షను విడివిడిగా పులియబెట్టి ఏడు పేర్లతో సీసాల్లో నింపింది. చిన్న దీవిలో పక్కపక్క ఊళ్ల మధ్య తేడా చూపించడం నాకెంతో నచ్చిన పని. లెక్కల మాస్టారు ఒకదాన్ని మాత్రమే మార్చి మిగతావన్నీ కదలకుండా ఉంచినట్టుంది.

రుచి సంగతి. పూలవాసన, పండు తీపి ఆశించి తాగేవాళ్లను ఆసిర్టికో నిరాశపరుస్తుంది. ముందు నిమ్మకాయ పులుపు, వెంటనే ఉప్పు, తర్వాత తడిసిన రాయి వాసన, చివర నాలుకను పట్టుకునే ఒక బిగువు. ఆ బిగువుకు మన భాషలో మాట ఉంది: వగరు. తెల్ల వైన్లలో వగరు ఇంతగా తెలిసేవి తక్కువ. కాల్చిన చేపతోనూ, దీవిలోనే పండే పసుపుపచ్చ పప్పుతోనూ తాగుతారు. ఆ పప్పును వాళ్లు ‘ఫావా’ అంటారు, చిక్కగా ఉడికించి ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసుకుంటారు.

ఈ రుచి నచ్చి ఆసిర్టికోను వేరే దేశాలకు తీసుకెళ్లారు. 2006లో సాంటోరినిలో రుచి చూసిన ఆస్ట్రేలియా వైన్ తయారీదారు పీటర్ బారీ, దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయలో నాటి, పదేళ్లకు సీసాల్లోకి తెచ్చారు. ఆ ద్రాక్ష అక్కడా పులుపు నిలుపుకుంటోంది. కాబట్టి జాతి అంతరిస్తుందన్న భయం లేదు. భయమంతా చుట్ట గురించి. దీవి మీద తోటలు ఇప్పుడు సుమారు 1,200 హెక్టార్లు, అంటే మూడు వేల ఎకరాలు. ఒకప్పుడు ఇంతకన్నా చాలా ఎక్కువ. హోటల్ కట్టుకునే స్థలానికి వచ్చే ధర ద్రాక్షకు రాదు. గదులు అద్దెకిచ్చే ఇంట్లో పెరిగిన కుర్రవాడు చలిగాలిలో బూడిద మీద మోకరిల్లడానికి ఇష్టపడకపోతే తప్పుపట్టలేం. కొందరు కొత్త తోటలను ఇనుప తీగెల మీద వరసలుగా పెంచి చూస్తున్నారు. నేర్పించడం తేలిక, పని త్వరగా అవుతుంది. వాళ్ల లెక్క నాకు అర్థమవుతుంది. కానీ తీగె మీదికి ఎక్కిన మొక్కకు ఎప్పుడైనా ఇనుప ఆధారం దొరుకుతుంది. బుట్ట అల్లే చేతిని ఒక తరం మానేస్తే, ఆ చేతిని ఎక్కడినుంచీ తెప్పించుకోలేరు. అది పుస్తకంలో లేదు. తాత పక్కన మోకరిల్లినవాడికే వచ్చింది.

2025 ఫిబ్రవరిలో వరుస భూప్రకంపనలు దీవిని కుదిపాయి. బడులు మూతపడ్డాయి, వేలమంది ఓడలెక్కి వెళ్లిపోయారు. అది కత్తిరింపుల కాలం. తీగ లోపల రసం మార్చిలో కదులుతుంది. అది కదిలేలోపు కొమ్మ వంగాలి.